కంచె మీదుగా వచ్చిన బంతి

సింధూ, టైపు చేస్తున్నావా? నేను దగ్గినవీ, మధ్యలో మంచినీళ్లు అడిగినవీ రాయకు. మిగతాదంతా రాయి. నా తప్పు వచ్చే చోట కూడా ఆపకు.

తెనాలిలో మా వీధి ఆడవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు, ఈసారి అమెరికాలో ఏం చూశారు పిన్నిగారూ అని. జలపాతాలూ పెద్ద మేడలూ కిందటి రెండుసార్లూ వచ్చినప్పుడే చూసేశాను. ఈసారి మూడు రోజులు ఒక మైదానం పక్కన కూర్చుని వచ్చాను. అదే చెబుతాను.

షాంబర్గ్ నుంచి

మా అమ్మాయి లలిత వాళ్లది షాంబర్గ్, చికాగో పక్కన. దాని పెద్దవాడు రోహన్ కాలేజీలో బేస్‌బాల్ ఆడతాడు, చిన్నది ఈ టైపు చేస్తున్న సింధు. బేస్‌బాల్ మన క్రికెట్‌కి దాయాది వరస. బ్యాటు గుండ్రంగా ఉంటుంది. కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి మొదలుపెట్టిన చోటికే వస్తే ఒక రన్. ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ అవతలి వాళ్లకి పోతుంది. రెండు జట్లూ అలా ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్, అలాంటివి తొమ్మిది.

వాడిది చిన్న కాలేజీ. అలాంటివి ఎనిమిది కలిసి ఒక సంఘంలా ఉంటాయి, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఏడాదంతా వాళ్లలో వాళ్లు ఆడుకుని, మే నెలలో మొదటి నాలుగు జట్లు ఒక ఊళ్లో చేరి ఛాంపియన్‌షిప్ ఆడతాయి. రెండుసార్లు ఓడిన జట్టు ఇంటికి పోవాలి. మిగిలిన జట్టు దేశం మొత్తం పోటీకి వెళుతుంది. రోహన్ జట్టు ఇంతవరకూ ఒక్కసారీ వెళ్లలేదట.

అయితే అసలు సంగతి వేరే ఉంది. రోహన్‌ది ఆఖరి సంవత్సరం. జూన్‌లో ఉద్యోగంలో చేరాలి. డబ్బిచ్చి ఆడించుకునే పెద్ద జట్లు వాడిని తీసుకోవు, అంత ఆటగాణ్ని కాదని వాడే చెప్పాడు. వెళ్లే ముందు వారం ఇంటికొచ్చి నా దగ్గర కూర్చుని పెరుగన్నం తింటూ అన్నాడు: "రెండు మ్యాచ్‌లు ఓడిపోతే ఫినిష్, అమ్మమ్మా. తర్వాత ఇంక ఎప్పుడూ లేదు." ఆరేళ్లప్పటి నుంచి ఆడుతున్న ఆట. అందుకే లలిత ఆఫీసుకి సెలవు పెట్టింది, నేను చేగోడీలు వండాను. అల్లుడు ప్రసాద్‌కి ఆఫీసులో ఏదో రిలీజ్ ఉండి రాలేకపోయాడు. ఇన్నింగ్స్‌కి ఒకసారి ఫోన్ చేసి స్కోరు చెప్పమన్నాడు పాపం.

దారిలో

గురువారం పొద్దున్నే లలితా, సింధూ, నేనూ కారులో బయల్దేరాం. నాలుగు గంటల దారి. ఊరు దాటాక ఇక రెండు పక్కలా నేలే. నల్లటి నేల, మన కృష్ణా కాలవ కింద పొలాల్లాగే ఉంది గానీ గట్లు లేవు. ఎవరి పొలం ఎక్కడ అయిపోతుందో వాళ్లకెలా తెలుస్తుందో. మొక్కజొన్న అప్పుడే జానెడు లేచింది. మైళ్లకి మైళ్లు ఒక్క మనిషి కనపడలేదు. మన దగ్గర అంత పొలంలో పాతికమంది వంగి ఉంటారు.

పెట్రోలు బంకులో కాఫీ డాలరున్నర. కాఫీ అంటే వేడినీళ్లకి రంగు వేశారంతే. నా ఫ్లాస్కు కాఫీ తాగుతుంటే కౌంటర్ దగ్గరి పెద్దావిడ వాసన బాగుందంది. గ్లాసుడు పోశాను. తాగి, నా కాఫీకి బదులు ఒక అరటిపండు ఇచ్చింది. డబ్బులు తీసుకోనంది.

మొదటి రోజు

ఆ ఊళ్లో ఒక నీళ్ల ట్యాంకు, ఒక ధాన్యం టవరు, వాటి మధ్య మైదానం. టిక్కెట్టు ఆరు డాలర్లు, ముసలివాళ్లకి మూడు. మనింట్లో తప్ప ముసలితనానికి అన్నిచోట్లా గౌరవం ఉంది, చూశావటే అన్నాను లలితతో. నవ్వలేదు. దాని కళ్లు అప్పటికే మైదానంలో రోహన్‌ని వెతుకుతున్నాయి.

మేం బ్యాటింగ్ చేసేవాడి వెనక, వల దగ్గర మెట్ల మీద కూర్చున్నాం. నా పక్కన నా ఈడు ఆవిడ, పేరు షార్లీన్. వాళ్ల మనవడు టైలర్ మా రోహన్ జట్టులోనే ఉన్నాడు, వాడికీ ఇదే ఆఖరి ఏడు. షార్లీన్ ఒళ్లో పెద్ద స్కోరు పుస్తకం. ప్రతి బంతీ పెన్సిలుతో రాస్తుంది. పొద్దుతిరుగుడు గింజలు నోట్లో వేసుకుని పొట్టు కాగితం గ్లాసులోకి ఉమ్ముతుంది. నాకూ పెట్టింది. నేను పొట్టుతో సహా మింగాను.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఆ గళ్లూ గీతలూ చూసి ఊరుకుంటానా. నా స్కూలు ఇంగ్లీషుతో నేను అడిగాను, తన పల్లెటూరి ఇంగ్లీషుతో తను చెప్పింది, అర్థం కానివి సింధు అటూ ఇటూ అందించింది. మూడో ఇన్నింగ్స్‌కల్లా పెన్సిలు నాకిచ్చేసింది.

మాటల్లో క్రికెట్ వస్తే, మీ ఆట మీకెవరు నేర్పారు అని తను అడిగింది. మా అన్నయ్యలు హైస్కూలు గ్రౌండులో క్రికెట్ ఆడేవాళ్లనీ, నేను బౌండరీ దగ్గర నిలబడి బంతి అందించేదాన్ననీ చెప్పాను. బౌండరీకి అవతల బ్రహ్మజెముడు ఉండేది. బంతి అందులో పడకముందే పట్టుకుని గబుక్కున విసరాలి. లేకపోతే పెద్దన్నయ్య జడ పట్టుకుని లాగేవాడు.

ఇక్కడ ఇంకో సంగతి రాయాలి, తర్వాత పనికొస్తుంది. బంతి పక్కలకి పోయి జనంలో పడుతూ ఉంటుంది. పెద్ద స్టేడియంలలో అయితే దొరికినవాళ్లు ఇంటికి పట్టుకుపోతారట. ఈ చిన్న కాలేజీలకి అంత స్తోమత లేదు. బంతి తెచ్చి తినుబండారాల కిటికీ దగ్గర ఇస్తే ఒక కూల్‌డ్రింక్ ఊరికే ఇస్తారు. ఒక పంచె... కాదు సింధూ, నిక్కరు వేసుకున్న పెద్దాయన పరిగెత్తి బంతి తెచ్చిచ్చి నిమ్మకాయ సోడా తాగుతుంటే నాకు భలే నచ్చింది.

ఆ రోజు మావాళ్లు ఓడిపోయారు. ఇక ఒక్క ఓటమే మిగిలింది.

రెండో రోజు, వాన

శుక్రవారం పొద్దున ఆట మొదలవకుండానే వాన. ఇరవై మంది పిల్లలు మైదానం మధ్యలో పెద్ద టార్పాలిన్ పరిచారు, మనవాళ్లు కల్లంలో వడ్లు కప్పినట్టు. అవతలి జట్టు పిల్లలూ వచ్చి ఒక అంచు పట్టుకున్నారు. ఇంకో రెండు గంటల్లో ఒకరినొకరు ఓడించుకోబోతున్నవాళ్లు.

వాన పడినంతసేపూ ఆటగాళ్ల తల్లిదండ్రులు కారుల వెనక డేరాలు వేసి వండిపెట్టారు. ఇదీ ఇక్కడి పద్ధతి. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కోటి తెస్తారు, ఎవరి పిల్లలన్నది లేదు, జట్టు మొత్తానికీ పెడతారు. పెళ్లివారి విడిదిలా ఉంది. ఎవరూ కొసరి వడ్డించరు, అదొక్కటే తేడా. ఎవరికి కావాల్సింది వాళ్లే పెట్టుకోవాలి. నేనూరుకోలేదు. చేగోడీల బకెట్టు పట్టుకుని ఒక్కొక్కడి పళ్లెంలో పెట్టుకుంటూ పోయాను. వాళ్లు వాటిని ఏదో తెల్లటి పెరుగులాంటి దాంట్లో ముంచుకుని తిన్నారు. షార్లీన్ మనవడు టైలర్ గుప్పెడు జేబులో వేసుకున్నాడు.

వాన వెలిశాక ఆడి గెలిచారు. ఆ మ్యాచ్‌లో ఒక బంతి మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. తీసుకెళ్లి కిటికీలో ఇచ్చాను. చుట్టుపక్కలవాళ్లు చప్పట్లు కొట్టారు. నిమ్మకాయ సోడా ఇచ్చారు. అది తాగుతూ తిరిగొస్తుంటే నాకు ఈ ఊరిదాన్నే అనిపించింది.

సాయంత్రం హోటల్ వరండాలో రోహన్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మోకాళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. పులిహోర తిన్నాడు. రేపు పొద్దున్న గెలిస్తే మధ్యాహ్నం ఫైనల్ అని చెప్పాడు. ఓడితే అన్న మాట వాడూ అనలేదు, మేమూ అనలేదు. మనింట్లో పరీక్ష రాసే పిల్లాడి ముందు కొన్ని మాటలు అనం చూడండి, అక్కడా అంతే. షార్లీన్ కూడా ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు, నీడ

శనివారం ఎండ మండిపోయింది. మెట్ల మీద రేకు కాలుతోంది. మైదానం కుడిపక్క గీత వెంబడి నడుము కంటే తక్కువ ఎత్తు కంచె ఉంది, దాని ఇవతల ఒక్కటే చెట్టు. మడత కుర్చీలు అక్కడ వేయమన్నాను. నా మాటే. లలిత కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతోంది. షార్లీన్ కూడా తన కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకుంది.

ఆఖరి ఇన్నింగ్స్. మావాళ్ల బ్యాటింగ్. ఒక్క రన్ వెనకబడి ఉన్నారు. అప్పటికే ఇద్దరు అవుట్. మొదటి మూలలో మావాడొకడు నిలబడి ఉన్నాడు. వాడు చుట్టి వచ్చేస్తే స్కోరు సమానం. బ్యాటు పట్టుకుని రోహన్ వచ్చాడు.

లలిత కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు.

రేకు బ్యాటు కదా, టింగుమని మోగింది. బంతి మా వైపే, గీతకి లోపల పడి, కంచె మలుపు దగ్గర తగిలి మెత్తగా పైకి ఎగిరి, కంచె వెంబడే నా దగ్గరికి వచ్చింది. నేను లేచాను. కంచె మీదుగా రెండు చేతులూ చాపి పట్టుకున్నాను. పట్టుకుని, పరిగెత్తి వస్తున్న అవతలి జట్టు పిల్లాడికి విసిరేశాను. నేరుగా వాడి చేతి తొడుగులోకి వెళ్లింది.

నేను ఏమీ ఆలోచించలేదు. బంతి కంచె దాకా వచ్చింది, అంటే ఫోర్, ఆట ఆగిపోయింది, ఇక బంతి అందించాలి. చిన్నప్పుడు అన్నయ్యల దగ్గర ఆరేళ్లు నేను చేసిన పని అదే. నిన్న చప్పట్లు కూడా కొట్టారు.

నిన్నటిది గీతకి బయట పడ్డ బంతి అనీ, ఈ ఆటలో గీతకి లోపల పడ్డది కంచె దాకా వచ్చినా బతికే ఉంటుందనీ నాకు తెలియదు.

అంపైర్ రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తి వచ్చాడు. అప్పటికి మొదటి మూలలో ఉన్న పిల్లాడు మూడో మూల దాటి మొదలుపెట్టిన చోటికి వచ్చేశాడు, వాడిని జట్టంతా మీద పడి కొడుతున్నారు సంతోషంతో. అంపైర్ ఆ రన్ లేదన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆడే బంతిని ముట్టుకుంటే ఆట అక్కడే ఆగుతుందట. ఎవరు ఎంతదాకా వెళ్లగలిగేవారో అంపైరే నిర్ణయిస్తాడట. వచ్చేసినవాడిని మళ్లీ మూడో మూలకి పంపాడు. రోహన్‌ని రెండో మూలలో నిలబెట్టాడు. మావాళ్ల కోచ్ టోపీ తీసి చేతిలో నలుపుతూ చాలాసేపు వాదించాడు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు.

ఇదంతా సింధు నాకు చెవిలో చెబుతూ మధ్యలో ఆపేసింది. ఎందుకాపావే అని చూస్తే ఏడుస్తోంది.

రెండో మూలలో నిలబడి రోహన్ నా వైపు చూశాడు. కోపం కాదు. ఎవరు ఆ బంతి తీసిందని వెతికి, నన్ను చూసి, చప్పున మొహం తిప్పుకున్నాడు.

తర్వాత బ్యాటింగుకి వచ్చింది షార్లీన్ మనవడు టైలర్. షార్లీన్ పెన్సిలు పట్టుకుని ముందుకి వంగింది. టైలర్ గట్టిగానే కొట్టాడు. బంతి బాగా పైకి లేచింది, చాలాసేపు పైనే ఉంది. కిందికి వచ్చేసరికి అవతలివాడు కింద నిలబడి ఉన్నాడు.

అంతే. అయిపోయింది.

కుర్చీలో

రెండు జట్లూ వరసగా నిలబడి ఒకరి చేతులు ఒకరు తాకుతూ వెళ్లారు. తర్వాత మావాళ్లు దూరంగా గడ్డిలో గుండ్రంగా నిలబడ్డారు. కోచ్ ఆఖరి ఏడు పిల్లల్ని ఒక్కొక్కరినీ కౌగిలించుకున్నాడు. రోహన్‌ని పట్టుకుని వదలడానికి చాలాసేపు పట్టింది.

నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. లేస్తే నడిచి ఎక్కడికి వెళ్లాలి? లలిత నా దగ్గరికి వచ్చి, నా మొహం చూడకుండా, "అమ్మా, నువ్వు వెళ్లి కారులో కూర్చో" అంది. దాని పరీక్ష ఫీజు నేను కట్టడం మర్చిపోయిన రోజున కూడా అలా అనలేదు.

అంతలో వెనక నుంచి ఎవరో తండ్రి, మా జట్టువాళ్లే, కంచె పక్కన కూర్చునేవాళ్లకి ఆట తెలిసుండాలని పైకే అన్నాడు. నాకు అర్థమైంది, ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. లలిత గిరుక్కున తిరిగింది. ఆవిడ మా అమ్మ అనీ, నిన్న మీ అబ్బాయికి వడ్డించింది కూడా ఆవిడేననీ ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, సారీ చెప్పి వెళ్లిపోయాడు. లలిత వచ్చి నా కుర్చీ చెయ్యి మీద చెయ్యి వేసింది. నా చెయ్యి మీద కాదు, కుర్చీ మీద. అప్పటికి అంతే చేయగలిగింది.

షార్లీన్ స్కోరు పుస్తకం నా ఒళ్లో పెట్టింది. రోహన్ గడిలో రెండు మూలల హిట్ అని రాసి ఉంది. పక్క గడిలో టైలర్ అవుట్. తను ఆ పక్క గడి మీద వేలు పెట్టి, "గెలిపించాల్సింది మావాడు, హనీ. నీ తరవాత వాడికి ఒక బంతి దొరికింది కదా" అంది. అని, అవతలివైపు మొహం తిప్పుకుని ముక్కు తుడుచుకుంది. తనకీ అదే ఆఖరి పేజీ అని నాకప్పుడు తట్టింది. నా బాధలో పడి అది చూడలేదు. బకెట్టు అడుగున మిగిలిన చేగోడీలు సంచీలో పోసి టైలర్‌కి ఇవ్వమని తన చేతికిచ్చాను. ఇంకేం ఇవ్వగలను.

రెస్ట్ ఏరియా

రోహన్ జట్టు బస్సులో కాకుండా మా కారులోనే వచ్చాడు. మట్టి కొట్టుకున్న బట్టలతోనే, మేజోళ్లతో, ముందు సీట్లో. గంటన్నర దాకా ఎక్కడా ఆగకుండా పోయాం. ప్రసాద్ ఫోన్ చేస్తే లలిత ఇంటికొచ్చాక చెబుతానంది. అద్దంలోంచి మొక్కజొన్న చూస్తూ నేను మాటలు కూర్చుకున్నాను. తెలియక చేశాను నాన్నా అనాలి. కానీ తెలియక చేసింది వాడికి తిరిగి వస్తుందా?

ఇక్కడ హైవే పక్కన దారినపోయేవాళ్లు ఆగడానికి గడ్డీ బల్లలూ వేసి ఉంచుతారు. అక్కడ ఆగాం. లలితా సింధూ లోపలికి వెళ్లారు. నేనూ రోహనూ బల్ల దగ్గర మిగిలాం. పెరుగన్నం డబ్బా తీసి వాడి ముందు పెట్టాను. చెంచా తీసుకున్నాడు గానీ తినలేదు.

"ఒరేయ్ నాన్నా," అన్నాను. డబ్బా ఇంకాస్త వాడి ముందుకి జరిపాను.

వాడే అన్నాడు. "అమ్మమ్మా, ఆ త్రో ఎవరు నేర్పించారు?"

"ఏ త్రో?"

"నువ్వు వేసింది. వాడు అసలు మూవ్ అవ్వలేదు. స్ట్రెయిట్‌గా గ్లవ్‌లోకి వెళ్లింది. మా టీమ్‌లో సగం మంది అట్లా వెయ్యలేరు."

వెక్కిరిస్తున్నాడేమోనని చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. చెప్పాను. హైస్కూలు గ్రౌండు, బ్రహ్మజెముడు, జడ. షార్లీన్‌కి చెప్పనిది కూడా చెప్పాను. రోజూ అన్నయ్యలు నాకొక ఆశ పెట్టేవాళ్లు, బంతులు సరిగ్గా అందిస్తే ఆఖరి ఓవరు బ్యాటింగ్ నీదే అని. రోజూ ఆఖరి ఓవరు వచ్చేసరికి అమ్మ దీపం పెట్టే వేళైందని కేకేసేది. ఆరేళ్లు అందించాను. తర్వాత నాకు ఓణీ వేశారు, ఇక గ్రౌండుకి పంపలేదు.

"ఒక్కసారి కూడా ఇవ్వలేదా?"

"ఒక్కసారి కూడా."

"అయితే నీకు అసలు లాస్ట్ మ్యాచ్ కూడా లేదు," అన్నాడు వాడు, తనలో తనే లెక్క వేసుకుంటున్నట్టు. పెరుగన్నం తిన్నాడు. డబ్బా ఖాళీ చేసి, లేచి వెళ్లి డిక్కీ తీశాడు. బ్యాటు ఒకటి, పచ్చ మరకలు పడిన బంతి ఒకటి తెచ్చాడు.

నాకు డెబ్బై ఒకటి, మోకాళ్లు సరిగా లేవు అన్నాను. వినలేదు. బ్యాటు ఎలా పట్టుకోవాలో చూపించబోయాడు, నాకు తెలుసు పక్కకి పో అన్నాను. చీర కుచ్చిళ్లు పైకి దోపాను. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవర్ ఒకాయన శాండ్‌విచ్ తింటూ మా వైపు తిరిగి కూర్చున్నాడు. లలితా సింధూ బయటికొచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయారు.

"డాడీ చెప్పాడు, ఓవర్ అంటే ఆరు బాల్స్," అన్నాడు రోహన్. కింద నుంచి, మెత్తగా వేశాడు.

మొదటిది తప్పాను. రెండోది తప్పాను. మూడోది బ్యాటు అంచుకి తగిలి నా కాళ్ల దగ్గరే పడింది. నాలుగోది కూడా తప్పాను, నడుం పట్టేసింది. లలిత ఇక చాలమ్మా అంది. నేను తల ఎత్తలేదు.

ఐదోది టింగుమంది.

గడ్డి మీదుగా పోయి, బల్లలు దాటి, ఆ చివరవైపు కంచెలాంటి పొదల దాకా దొర్లింది. నేను అలవాటుగా రెండడుగులు అటు వేశాను.

"నువ్వు అక్కడే ఉండు అమ్మమ్మా," అన్నాడు రోహన్. "నేను తెస్తా."

మేజోళ్లతోనే పరిగెత్తాడు, మ్యాచ్‌లో పరిగెత్తినట్టే, తల వంచుకుని. నేను బ్యాటు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంకా ఒక బంతి ఉంది.